ఇంగ్లీషు ముచ్చట్లు: చిన్న మాట ఎవరి జట్టు?

పిల్లలూ!

మీరు బడిలో చేరిన మొదటి రోజున విన్న ఇంగ్లీషు మాటలేవో జ్ఞాపకం ఉన్నాయా? 'ఎ ఫర్ యాపిల్' అంటారేమో! దానికంటే ముందు, మాస్టారు గదిలోకి రాగానే వినబడే మాటలు రెండున్నాయి. అవి 'స్టాండప్', 'సిట్ డౌన్'. వీటిని మనం ఒక్కొక్క మాటలాగా గబుక్కున పలికేస్తాం. కాని విడదీసి చూస్తే ఒక్కొక్కదానిలో రెండేసి మాటలున్నాయి. 'స్టాండ్' అంటే నిలబడు, 'అప్' అంటే పైకి. 'సిట్' అంటే కూర్చో, 'డౌన్' అంటే కిందికి. క్రియ పక్కన ఒక చిన్న మాట వచ్చి నిలబడిందన్నమాట.

ఇంగ్లీషువాళ్ళు ఇంట్లో, బజారులో, పొలంలో మాట్లాడుకునేటప్పుడు ఇటువంటి జంటలు కోకొల్లలుగా వాడతారు. ఈ జంటల మధ్యకు 'ఇట్', 'హిమ్', 'హర్', 'దెమ్' వంటి సర్వనామాలు వస్తే ఏం జరుగుతుందో ఈ నెల చూద్దాం.

ముందుగా ఒక చిక్కు ప్రశ్న.

'దాన్ని ఆపు' అని ఇంగ్లీషులో చెప్పాలంటే 'టర్న్ ఇట్ ఆఫ్' అంటాం.

'దాన్ని చూడు' అని చెప్పాలంటే 'లుక్ ఎట్ ఇట్' అంటాం.

రెంటిలోనూ క్రియ ఉంది, చిన్న మాట ఉంది, 'ఇట్' ఉంది. కాని మొదటి దానిలో 'ఇట్' మధ్యన కూర్చుంది, రెండో దానిలో చివరికి పోయింది. తారుమారు చేసి 'టర్న్ ఆఫ్ ఇట్' అన్నా తప్పే, 'లుక్ ఇట్ ఎట్' అన్నా తప్పే. ఎందుకు? ఎవరో పెద్దవాళ్ళు అలా శాసించారు కాబట్టి అనుకోకండి. దీనికి చక్కని కారణం ఉంది. అది ఒకసారి తెలిస్తే మళ్ళీ బట్టీ పట్టే పనే ఉండదు.

ఈసారి మన ఉదాహరణలను నిజాంసాగర్ ఆయకట్టు నుంచి తెచ్చుకుందాం. మంజీరా నది మీద నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువ నీళ్ళు పారిన నేలలో చెరకు పెరిగింది. ఆ చెరకును నమ్ముకుని 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. దాని చుట్టూ ఏర్పడిన పేటకు శక్కర్‌నగర్ అనే పేరు వచ్చింది. అక్కడి పిల్లల చెవిలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ పడతాయి. వాటితోపాటు గేటు, ఇంజను, షిఫ్టు, మోటరు అంటూ యంత్రాల వెంట వచ్చిన ఇంగ్లీషు మాటలూ పడతాయి. ఇన్ని భాషలు వినే పిల్లలకు మనం ఇప్పుడు చెప్పుకోబోయే సంగతి ఇట్టే బోధపడుతుంది.

ముందు మన తెలుగును చూడండి.

'పిల్లవాణ్ణి చూడు' అని అమ్మ అంటే తల తిప్పి చూస్తే చాలు. 'పిల్లవాణ్ణి చూసుకో' అని అంటే? అప్పుడు చూస్తే చాలదు. వాడు పడకుండా, ఏడవకుండా, మట్టి తినకుండా కాపాడాలి. 'చూడు' అనే క్రియకు 'కొను' అనే మరో క్రియ తోడుకాగానే అర్థం మారిపోయింది.

'తిను' అంటే ఊరికే తిను. 'తినెయ్' అంటే మిగల్చకుండా తిను. 'ఎండింది' వేరు, 'ఎండిపోయింది' వేరు. 'కను' అంటే చూడు, 'పెట్టు' అంటే ఉంచు. రెండూ కలిసి 'కనిపెట్టు' అయితే చూసి ఉంచటం కాదు, ఎవరికీ తెలియనిది తెలుసుకోవటం! ఉర్దూలోనూ ఇంతే. 'బంద్ కరో' అనేదానికీ, 'బంద్ కర్ దో' అనేదానికీ ఉన్న తేడా బోధన్ బజారులో తిరిగే పిల్లలకు ఒకరు చెప్పనక్కరలేదు.

అంటే మనం క్రియకు మరో క్రియను తోడిచ్చి కొత్త అర్థం పుట్టిస్తాం. ఇంగ్లీషువాళ్ళు అదే పనికి 'అప్', 'డౌన్', 'ఆన్', 'ఆఫ్', 'ఇన్', 'అవుట్', 'అవే' వంటి చిన్న మాటలను తోడిస్తారు. 'ఈట్' అంటే తిను, 'ఈట్ అప్' అంటే తినెయ్. 'డ్రింక్' అంటే తాగు, 'డ్రింక్ అప్' అంటే తాగెయ్. 'డ్రై అప్' అంటే ఎండిపో. ఈ 'అప్' పైకి ఎక్కటం లేదు, చూశారా? పని పూర్తిగా అయిందని చెబుతోంది, మన 'వెయ్', 'పో' లాగా.

ఇది ఒక సంగతి. ఇక రెండోది.

మన భాషలో నామవాచకాల వెనక విభక్తులు వస్తాయి గదా! 'బడికి', 'బడిలో', 'బడి నుంచి', 'బడి కోసం'. ఈ 'కి', 'లో', 'నుంచి', 'కోసం' క్రియతో పోవు. బడిని అంటిపెట్టుకునే ఉంటాయి. ఇంగ్లీషులో ఇదే పనికి చిన్న మాటలు నామవాచకానికి ముందు వస్తాయి. 'టు స్కూల్', 'ఇన్ స్కూల్', 'ఫ్రమ్ స్కూల్', 'ఫర్ స్కూల్'. మనవి వెనక నడుస్తాయి, వాళ్ళవి ముందు నడుస్తాయి. అంతే భేదం.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో మీకే తెలిసి ఉంటుంది. తెలుగులో క్రియకు తోడు వచ్చే మాటలు వేరు, నామవాచకానికి అంటుకునే మాటలు వేరు. 'కొను'ను చూసి ఎవరూ విభక్తి అనుకోరు. ఇంగ్లీషులో అలా కాదు. 'ఆన్', 'ఆఫ్', 'అప్', 'డౌన్' వంటి మాటలు రెండు పనులూ చేస్తాయి. ఒక వాక్యంలో క్రియ జట్టులో ఉంటాయి, మరో వాక్యంలో నామవాచకం జట్టులో చేరతాయి. కబడ్డీలో మధ్యాహ్నం ఒక జట్టుకూ, సాయంత్రం మరో జట్టుకూ ఆడే కుర్రవాడిలాగా!

ఈ రెండు వాక్యాలు చూడండి.

'బాపు టర్న్‌డ్ ఆఫ్ ది మోటార్.' అంటే బాపు మోటరు ఆపేశాడు.

'బాపు టర్న్‌డ్ ఆఫ్ ది రోడ్.' అంటే బాపు రోడ్డు విడిచి పక్కదారికి మళ్ళాడు. ఏ పొలంబాటలోకో ట్రాక్టరు తిప్పాడన్నమాట.

చివరి మాట ఒక్కటే మారింది. పైకి చూస్తే రెండు వాక్యాలూ కవల పిల్లల్లా ఉన్నాయి. కాని లోపల జట్లు వేరు. మొదటి దానిలో 'టర్న్ ఆఫ్' అనేది ఒక ముద్ద. రెండూ కలిస్తేనే 'ఆపెయ్' అన్న అర్థం వచ్చింది. రెండో దానిలో 'ఆఫ్ ది రోడ్' అనేది ఒక ముద్ద, 'రోడ్డు మీది నుంచి' అని. క్రియ 'టర్న్' ఒక్కటే, అంటే మళ్ళటం.

ఇప్పుడు 'మోటార్', 'రోడ్' అనే మాటలు తీసేసి 'ఇట్' పెట్టండి.

మోటరును ఆపాడు: 'బాపు టర్న్‌డ్ ఇట్ ఆఫ్.'

రోడ్డు విడిచి మళ్ళాడు: 'బాపు టర్న్‌డ్ ఆఫ్ ఇట్.'

కవలలు విడిపోయారు! సర్వనామం వచ్చి కూర్చోగానే, చిన్న మాట ఎవరి జట్టో బయటపడింది. క్రియ జట్టయితే 'ఇట్' మధ్యన ఉంటుంది. నామవాచకం జట్టయితే 'ఇట్' దాని వెనకాలే ఉంటుంది. ఈ నెల మన ముచ్చట మొత్తంలోనూ గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదొక్కటే.

మరొక జంట. కాలువ గట్టు మీద నిలబడిన అమ్మాయిని తలచుకోండి. 'షి లుక్‌డ్ అప్ ది కెనాల్' అంటే ఆమె కాలువ ఎగువవైపు చూసింది, నీళ్ళు వస్తున్నాయా లేదా అని. 'షి లుక్‌డ్ అప్ ది వర్డ్' అంటే ఆ మాట అర్థం కోసం నిఘంటువు తీసి వెతికింది. కాలువయితే 'లుక్‌డ్ అప్ ఇట్'. మాటయితే 'లుక్‌డ్ ఇట్ అప్'.

సరే, జట్టు తెలిసింది. కాని క్రియ జట్టులో ఉన్నప్పుడు 'ఇట్' చివరికి ఎందుకు పోకూడదు? నామవాచకం పోవచ్చు గదా! 'టర్న్ ఆఫ్ ది మోటార్' అనవచ్చు, 'టర్న్ ది మోటార్ ఆఫ్' అని కూడా అనవచ్చు. రెండూ ఒప్పే. నామవాచకానికి రెండు పీటలు వేసి, సర్వనామానికి ఒక్కటే వేశారేం?

దీనికి కారణం బరువు. 'ఇట్' అనేది తేలిక మాట. దేన్ని గురించి మాట్లాడుతున్నామో ఇద్దరికీ ముందే తెలిస్తేనే 'ఇట్' అంటాం. అందులో కొత్త సంగతేమీ లేదు. ఇంగ్లీషు పలికేవాళ్ళు సాధారణంగా బరువైన మాటను, కొత్త మాటను వాక్యం చివర ఉంచి ఊది పలుకుతారు. 'టర్న్ ఇట్ ఆఫ్' అన్నప్పుడు బరువంతా 'ఆఫ్' మీద పడుతుంది. 'ఇట్' ఉందో లేదో అన్నట్టు 'టర్నిటాఫ్' అని కలిసిపోతుంది. అదే నామవాచకం పొడవుగా ఉంటే దానికి చివరి పీటే నప్పుతుంది. 'టర్న్ ఆఫ్ ది మోటార్ బిసైడ్ ది ఓల్డ్ వెల్', అంటే 'పాత బావి పక్కనున్న మోటరు ఆపు' అంటారు. అంత పొడుగు మాటను మధ్యన ఇరికించి చివర 'ఆఫ్' తగిలిస్తే వినేవాడికి ఆయాసం వస్తుంది.

మరి 'లుక్ ఎట్ ఇట్'లో 'ఇట్' చివర ఉందేం? ఎందుకంటే 'ఎట్' ఇక్కడ విభక్తి పని చేస్తోంది. మన విభక్తి నామవాచకం వెనకే ఉన్నట్టు, వాళ్ళది ముందే ఉండాలి. 'బడికి' అనటానికి బదులు 'కిబడి' అంటామా? అలాగే 'ఇట్ ఎట్' అనరు. పలికేటప్పుడు చెవి పెట్టి వినండి. ఇక్కడ బరువు 'లుక్' మీద ఉంటుంది, 'ఎట్' తేలికగా జారిపోతుంది. కాబట్టి చెవే మీకు సగం గురువు. చిన్న మాటను ఊది పలికితే సాధారణంగా అది క్రియ జట్టు. తేలికగా పలికితే నామవాచకం జట్టు.

చెవికి అందకపోతే మరో పరీక్ష ఉంది. చిన్న మాటను నామవాచకం వెనకకు నెట్టి చూడండి. 'టర్న్ ది మోటార్ ఆఫ్' బాగానే నిలబడింది, కనక క్రియ జట్టు. 'లుక్ ది మోటార్ ఎట్' కూలిపోయింది, కనక నామవాచకం జట్టు.

ఇప్పుడు చెరకు తోటకు వెళదాం. కామారెడ్డి బెల్లానికి ఎంత పేరుందో మీలో చాలామందికి తెలుసు. చెరకు బెల్లమయ్యేదాకా జరిగే పనులను వరసగా ఇంగ్లీషులో చెప్పుకుంటే మొదటి జట్టంతా కళ్ళముందు కదులుతుంది.

చెరకును నరికెయ్: 'కట్ ఇట్ డౌన్.'

మోపు కట్టెయ్: 'టై ఇట్ అప్.'

తీసుకుపో: 'టేక్ ఇట్ అవే.'

రసాన్ని మరగబెట్టి చిక్కన చెయ్యి: 'బాయిల్ ఇట్ డౌన్.'

పైన తేలిన తెట్టు తీసెయ్: 'స్కిమ్ ఇట్ ఆఫ్.'

పాకాన్ని పొయ్: 'పోర్ ఇట్ అవుట్.'

ఆరిన బెల్లాన్ని చుట్టిపెట్టు: 'ర్యాప్ ఇట్ అప్.'

'బాయిల్ ఇట్ డౌన్' ఎంత అందమైన మాటో గమనించండి. రసం మరిగేకొద్దీ నీరు ఆవిరైపోయి, పెనంలో మట్టం కిందికి దిగుతుంది. ఆ దిగటమే 'డౌన్'. చెరకు ఒకటి కాక చాలా ఉంటే 'ఇట్' బదులు 'దెమ్' పెట్టండి. 'కట్ దెమ్ డౌన్', 'టై దెమ్ అప్'. పీట మాత్రం మారదు.

ఇక రెండో జట్టు. ఇందులో మనవాళ్ళు తరచు తడబడతారు, ఎందుకంటే తెలుగు విభక్తికీ ఇంగ్లీషు చిన్న మాటకూ ఎప్పుడూ సరిగ్గా పొత్తు కుదరదు.

'నా మాట విను' అనటానికి 'లిసన్ టు మి' అనాలి. 'లిసన్ మి' కాదు.

'నా కోసం ఆగు' అనటానికి 'వెయిట్ ఫర్ మి'. 'వెయిట్ మి' కాదు.

'నన్ను చూసి నవ్వారు' అంటే 'దే లాఫ్‌డ్ ఎట్ మి'.

'దాని కోసం వెతుకు' అంటే 'లుక్ ఫర్ ఇట్'. 'వాణ్ణి చూసుకో' అంటే 'లుక్ ఆఫ్టర్ హిమ్'.

'అడుగు' అనే మాటలో ఒక తమాషా ఉంది. 'అమ్మను అడుగు' అంటాం, 'బెల్లం అడుగు' అనీ అంటాం. రెంటికీ ఒకే క్రియ చాలు. ఇంగ్లీషులో మనిషిని అడిగితే 'ఆస్క్ హర్'. వస్తువు కావాలని అడిగితే 'ఆస్క్ ఫర్ ఇట్'. రెండూ కలిపితే 'ఆస్క్ హర్ ఫర్ ఇట్'. ఆమెనేమో ఉత్తగా అడగవచ్చు, వస్తువుకు మాత్రం 'ఫర్' కావాలి.

దీనికి ఎదురు కూడా ఉంది సుమా! మనం 'దాన్ని గురించి చర్చించాం' అంటాం కనక 'డిస్కస్‌డ్ అబౌట్ ఇట్' అనబుద్ధవుతుంది. కాని 'డిస్కస్' అన్న క్రియకు చిన్న మాట అక్కరలేదు. 'డిస్కస్‌డ్ ఇట్' అంటే చాలు.

ఒక్క మాట గమనించారా? ఏ జట్టులోనైనా సర్వనామం 'మి', 'హిమ్', 'హర్', 'అస్', 'దెమ్' అనే రూపంలోనే వస్తోంది. 'వెయిట్ ఫర్ ఐ' అనరు. మనం 'నేను కోసం ఆగు' అనకుండా 'నా కోసం' అన్నట్టే ఇది.

కొన్నిచోట్ల రెండు చిన్న మాటలు వరసగా వస్తాయి. 'కాలువలో నీళ్ళు అయిపోయాయి, మాకు నీళ్ళు లేవు' అనే రైతు మాటను 'వి హావ్ రన్ అవుట్ ఆవ్ వాటర్' అని చెప్పవచ్చు. ఇందులో 'అవుట్' క్రియ జట్టు, 'ఆవ్' నామవాచకం జట్టు. సర్వనామం ఎక్కడ ఉండాలి? చివరి చిన్న మాట నామవాచకానిది కనక దాని వెనకే. 'వి హావ్ రన్ అవుట్ ఆవ్ ఇట్.' అలాగే 'పుట్ అప్ విత్ ఇట్' అంటే దాన్ని ఓర్చుకో. 'లుక్ ఫార్వర్డ్ టు ఇట్' అంటే దాని కోసం ఆశగా ఎదురుచూడు. సూత్రం ఒక్కటే, చూశారా?

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ అనే పండితుడు ఇంగ్లీషుకు పెద్ద నిఘంటువు కూర్చాడు. క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి పరదేశీయులకు అన్నిటికంటే కష్టమని ఆయన దాని పీఠికలోనే రాశాడు. ఈ జంటలకు 'ఫ్రేజల్ వర్బ్' అనే పేరు అచ్చులో స్థిరపడింది 1925లో, లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన పుస్తకంతో. ఆ పేరు తనకు సూచించినవాడు నిఘంటుకారుడు హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పాడు.

ఇంతకీ ఈ పద్ధతి పాతకాలపు ఇంగ్లీషులో మరోలా ఉండేది. చిన్న మాట క్రియకు ముందు అంటుకునేది. 'అండర్‌స్టాండ్', 'ఓవర్‌కమ్' అనే మాటలు ఆ రోజుల గుర్తులే. ఇది వింటే మీకు ఉపసర్గలు గుర్తుకు రావాలి. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, ఈ నాలుగింటిలోనూ వెనక ఉన్నది ఒకే 'హారం'. ముందున్న చిన్న ముక్క మారగానే తిండి కాస్తా షికారయింది, షికారు కాస్తా చంపటమయింది, చంపటం కాస్తా దెబ్బయింది! సంస్కృతం ముందు తగిలించింది, తెలుగు మరో క్రియను తోడిచ్చింది, నేటి ఇంగ్లీషు వెనక చిన్న మాటను నిలబెట్టింది. పని ఒకటే, దారులు మూడు.

'ఇదంతా పరీక్షలో ఒక మార్కు సంగతే గదా, 'ఇట్' ఎక్కడుంటేనేం?' అని ఎవరైనా అనుకోవచ్చు. అలా అనుకునేవాళ్ళు ఈ రెండు వాక్యాలు చదవాలి.

'కీప్ ఇట్ ఆఫ్.'

'కీప్ ఆఫ్ ఇట్.'

మాటలు అవే మూడు. మొదటిదానికి 'దాన్ని ఆపే ఉంచు, వెయ్యవద్దు' అని అర్థం. రెండోదానికి 'దాని మీదికి పోకు, దూరంగా ఉండు' అని అర్థం. పొలంలో కరెంటు మోటరు బాగుచేసే మనిషి మీటను గురించి మొదటి మాట చెబుతాడు. కాలువ తూము మీద నీళ్ళు పొంగుతున్నప్పుడు కాపలామనిషి రెండో మాట చెబుతాడు. ఒకదానికి బదులు మరొకటి అర్థం చేసుకుంటే పోయేది మార్కు కాదు, ప్రాణం.

ఇంకొక జంట: 'సీ ఇట్ త్రూ' అంటే మొదలుపెట్టిన పనిని చివరిదాకా సాగించు. 'సీ త్రూ ఇట్' అంటే దానిలోని మోసాన్ని పసిగట్టు. ఎవరైనా మీకు తియ్యటి మాటలు చెప్పి ఒక కాగితం చేతిలో పెడితే ఏది చెయ్యాలో మీరే ఆలోచించండి!

కాగితమంటే బోధన్‌లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఆ చక్కెర కర్మాగారం యాజమాన్యంలో ఎక్కువ వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో అక్కడి కార్మికులకు 'లే ఆఫ్' ప్రకటించారు. మిల్లు మూతపడింది. కార్మికుల ఇళ్ళలో అప్పటికి బడికి పోతున్న పిల్లలు చాలామంది. వాళ్ళలో ఎవరైనా ఆ రెండు మాటలను విడివిడిగా నిఘంటువులో వెతికి ఉంటే ఏం దొరుకుతుంది? 'లే' అంటే నేలమీద ఉంచు, పరుచు. 'ఆఫ్' అంటే దూరంగా, విడిగా. రెంటినీ కూడితే ఏ అర్థమూ రాదు. ఇది క్రియ జట్టు కనక రెంటినీ కలిపి ఒకే మాటగా వెతకాలి. అప్పుడు 'పని చూపించలేక కార్మికులను పక్కన ఉంచటం' అని దొరుకుతుంది. సర్వనామం పెడితే 'దే లెయిడ్ దెమ్ ఆఫ్' అవుతుంది.

ఇందులో మరో మెలిక ఉంది. 2015లో అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం 'లే ఆఫ్' అంటే ఉద్యోగం తీసెయ్యటం కాదు. కార్మికుడి పేరు హాజరు పట్టీలో ఉంటుంది, పని మాత్రం ఇవ్వలేకపోతారు. పూర్తిగా తీసెయ్యటాన్ని ఆ చట్టం 'రిట్రెంచ్‌మెంట్' అనే వేరే మాటతో చెప్పింది. పేరు పట్టీలో ఉండటానికీ, పోవటానికీ మధ్య ఒక కుటుంబం బతుకు ఉంటుంది. చిన్న మాట ఎవరి జట్టో తెలుసుకుని, రెంటినీ కలిపి చదవటం ఎంత అవసరమో చూశారా! ఇంట్లో పెద్దలకు వచ్చిన కాగితాన్ని చదివి చెప్పవలసిన పని ఒక్కోసారి మీ మీదే పడుతుంది.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం మొదలై, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అటువంటి పుస్తకం మీ చేతిలో ఉంటే ఒక ఆట ఆడండి. ఇంగ్లీషు పేజీలో క్రియ పక్కన చిన్న మాట కనబడినప్పుడల్లా ఎదుటి పేజీలో దాని తెలుగేదో వెతకండి. అది 'వెయ్', 'పో', 'కొను' వంటి తోడు క్రియగా కనబడిందా, 'కి', 'కోసం', 'మీద' వంటి విభక్తిగా కనబడిందా? చాలాసార్లు జట్టు అక్కడే తెలిసిపోతుంది.

అమ్మానాన్నలకు కూడా ఒక మాట. ఆక్స్‌ఫర్డు వారి అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ నిఘంటువు వంటిది ఇంట్లోనో బడిలోనో ఉంటే, అందులో ఇటువంటి జంటల దగ్గర రెండు వైపులా మొనలున్న చిన్న బాణం గుర్తు కోసం చూడమనండి. ఆ బాణం ఉంటే నామవాచకం అటూ ఇటూ తిరగవచ్చని అర్థం. అప్పుడు సర్వనామం మధ్యనే కూర్చుంటుంది.

ఇక మీ వంతు. కింది వాక్యాల్లో గీత ఉన్నచోట ఉన్న మాటలను సర్వనామంతో కలిపి సరిగ్గా చెప్పండి. జవాబులు కిందే ఉన్నాయి. చేత్తో మూసి, మీరు రాశాకనే చూడాలి!

1. నీ చొక్కా ఇక్కడుంది. దాన్ని తొడుక్కో. పుట్ ఆన్, ఇట్: ——

2. తమ్ముడు వెనకబడ్డాడు. వాడి కోసం ఆగు. వెయిట్ ఫర్, హిమ్: ——

3. చెరకు ముక్కలు కింద పడ్డాయి. వాటిని ఏరు. పిక్ అప్, దెమ్: ——

4. అమ్మమ్మ కథ చెబుతోంది. ఆమె చెప్పేది విను. లిసన్ టు, హర్: ——

5. ఈ మాట అర్థం తెలియదు. నిఘంటువులో వెతుకు. లుక్ అప్, ఇట్: ——

6. బెల్లం నిండుకుంది. మాకు అది అయిపోయింది. రన్ అవుట్ ఆవ్, ఇట్: ——

జవాబులు: 1. పుట్ ఇట్ ఆన్. 2. వెయిట్ ఫర్ హిమ్. 3. పిక్ దెమ్ అప్. 4. లిసన్ టు హర్. 5. లుక్ ఇట్ అప్. 6. వి హావ్ రన్ అవుట్ ఆవ్ ఇట్.

ఆరూ సరిపోయినవాళ్ళు మరొక మెట్టు ఎక్కవచ్చు. రేపు పొద్దుటి నుంచి రాత్రిదాకా మీరు చేసే పనుల్లో పదింటిని ఎంచుకుని, 'ఇట్', 'దెమ్' పెట్టి ఇంగ్లీషులో చెప్పుకోండి. దుప్పటి మడిచినప్పుడు 'ఫోల్డ్ ఇట్ అప్'. చెత్త పారేసినప్పుడు 'త్రో ఇట్ అవే'. దీపం ఆర్పినప్పుడు 'పుట్ ఇట్ అవుట్'. చేతులు పని చేస్తూ ఉంటే నోరు పాఠం చదువుతుంది. అలా వచ్చిన మాట మరిచిపోదామన్నా మరపురాదు.